గుహుడి ఎడమ చెయ్యి

దేవుళ్ల బొమ్మలు వేసి బతికాను గానీ, దెయ్యాల కబుర్లు వింటే నాకు నవ్వొచ్చేది. పని కోసం వెళ్లిన గుళ్లలో ఒంటరిగా పడుకునేవాణ్ణి. ఏనాడూ ఏదీ కనపడలేదు. ఇప్పటికీ నమ్మకం లేదు. అయినా నౌపడ దగ్గర జరిగింది జరిగినట్టు చెబుతాను.

రెండో ప్రపంచ యుద్ధం రోజులవి. మాది విజయనగరం. నౌపడ దగ్గర ఒక ఊళ్లో షావుకారు కొత్తగా రామాలయం కట్టించి, గోడల మీద రామాయణం వెయ్యమని కబురు పెట్టాడు. అంతకుముందు నేను ఆ వైపు వెళ్లి ఎరగను. ఓడల మీద వచ్చే సీమ రంగులు దొరకడం లేదు. జేగురు, నీలిమందు, దీపపు మసి మూటగట్టుకుని రైలెక్కాను.

మాది తడి సున్నం మీద పని. గోడ ఆరేలోపు బొమ్మ అయిపోవాలి. రంగు సున్నంలోకి ఇంకిపోతుంది. ఆ తర్వాత తప్పు దిద్దాలంటే అంతమేర చెక్కేసి మళ్లీ పూయాల్సిందే.

గుహుడు సీతారాముల్ని గంగ దాటించే బొమ్మ ఒక పొద్దున మొదలుపెట్టి మధ్యాహ్నానికి పూర్తి చేశాను. నేను ఎప్పుడూ గుహుడికి గుండ్రటి మొహం, మెలితిప్పిన మీసం వేస్తాను. ఆ రోజు కోల మొహం వచ్చింది. మీసం లేదు. కుడి కనుబొమ్మ మధ్యలో చిన్న గాటు. పరంజా దిగి చూసేదాకా నాకే తెలియలేదు. అలసట అనుకున్నాను.

మర్నాడు చేపలమ్మే ముసలామె ఒకతె గుమ్మంలోంచి చూసి ఆగిపోయింది. గంప బయట దించి లోపలికొచ్చింది. పేరు నూకాలమ్మ.

"మా పెంటయ్యని నువ్వెక్కడ సూసినావు బాబూ?" అంది.

పెంటయ్య ఆమెకు ఒక్కడే కొడుకు. ఏడాది కిందట సముద్రం మీద వేటకెళ్లి తిరిగి రాలేదు. శవమూ దొరకలేదు. ఫొటో తీయించుకున్న మనిషీ కాదు. నేనతన్ని చూడలేదని, ఎవరి పోలికో వచ్చి ఉంటుందని చెప్పాను.

"ఎడం సెయ్యి సూడు. సిటికినేలు సగమే ఉంటాది. సిన్నప్పుడు వల తాడు తెంపీసింది."

పరంజా ఎక్కాను. తెడ్డు పట్టిన ఎడమ చేతికి చిటికెన వేలు సగమే ఉంది. అలా వేసినట్టు నాకు గుర్తు లేదు.

సంగతి తెలిసి షావుకారు వచ్చాడు.

"సచ్చిపోయినోడి మొకం గుళ్లో ఏటి? సెక్కీసి మళ్లీ ఎయ్యి" అన్నాడు.

సున్నం కలిపి, ఉలి పట్టుకుని పైకెక్కాను. కింద నూకాలమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని గోడ వంకే చూస్తోంది. ఉలి నడుములో దోపుకున్నాను.

"ఇది నా వల్ల కాదండీ. ఇంకెవరి చేతనైనా చేయించుకోండి" అని దిగిపోయాను.

షావుకారు ఆమెకేసి, గోడకేసి చూశాడు. "ఉండనీ" అని వెళ్లిపోయాడు.

కన్నతల్లి ఆశకి ఏ మొహమైనా సరిపోతుందని తర్వాత కొందరన్నారు. కావచ్చు. కానీ ఆ వేలు ఆమె రాకముందే గోడ మీద ఉంది; ఆమె చెప్పాకే నేను చూశాను.

నేను ఊరు విడిచే రోజున నూకాలమ్మ స్టేషనుకి వచ్చి ఎండుచేపల పొట్లం చేతిలో పెట్టింది.

"ఏడాదై ఆడి కోసం రోజూ ఒడ్డున కూకుని సూసేదాన్ని బాబూ" అంది. "నిన్న ఎల్లనేదు. గుడికెల్లినాను."