చిరగని చీర

నా కథ వేసిన పత్రిక సంపాదకుడు బెంజ్ సర్కిల్‌లోని తన ఆఫీసులో నన్ను గంటన్నర నిలబెట్టిన సంగతి నేను మరిచిపోలేదు. మా అమ్మాయికి మాత్రం కుర్చీ వేయించాడు. అది ఒప్పుకుంటాను.

తగువు నా కథ గురించి. అందులో లోకమంతా నాశనమైపోయాక కృష్ణా డెల్టాలో ఒక తండ్రీ, తొమ్మిదేళ్ల కూతురూ మాత్రం మిగులుతారు. గండి పడిన కాలువ దాటేటప్పుడు తండ్రి ఒక నేత చీరతో పిల్లను తన నడుముకు కట్టుకుంటాడు. ఇద్దరూ ఒడ్డు చేరతారు. మా ఆవిడ పోయిన మరుసటి ఏడు రాశాను దాన్ని. ఏ రోజు రాసింది ఆ రోజు అమ్మాయికి చదివి వినిపించేవాణ్ణి. "నాన్న చచ్చిపోకూడదు" అని మొదటి రోజే షరతు పెట్టింది. సరేనని మాటిచ్చాను.

అచ్చయ్యాక చూస్తే చివరి పేరా నాది కాదు. అందులో చీర చిరిగింది, తండ్రి కొట్టుకుపోయాడు. నాకు ముందుగా ఒక్క ముక్క చెప్పలేదు. అమ్మాయి చదివి పత్రిక మూసేసింది. నేను తనకు చదివి వినిపించింది ఒకటి, పత్రికకు పంపింది మరొకటి అనుకుంది. ఆ పూట అన్నానికి కూడా రాలేదు.

మర్నాడే మైలవరంలో బస్సెక్కి ఇద్దరం ఆ ఆఫీసుకు వెళ్లాం.

"తండ్రి పోతేనే కథకు బరువు మాస్టారూ. పాఠకులు ఏడవాలి కదండీ," అన్నాడాయన.

"వాళ్ల ఏడుపు సరే. చీర ఎలా చిరిగిందండీ? మాది నేతపని చేసిన ఇల్లు."

"పాత చీర. చిరగదా?"

సంచిలోంచి మా అమ్మ నేసిన చీర తీశాను. మా ఆవిడ పదేళ్లు కట్టింది దాన్ని. తాడులా మెలిపెట్టి ఒక కొస ఆయన చేతికిచ్చాను. రెండో కొస మేమిద్దరం పట్టుకున్నాం.

"లాగండి అంకుల్. గట్టిగా," అంది అమ్మాయి.

మొదట మొహమాటంగా లాగాడు. తర్వాత పంతానికి లాగాడు. చక్రాలున్న ఆఫీసు కుర్చీతో సహా తనే మా వైపు జరిగొచ్చాడు. చీరలో ఒక్క పోగు తెగలేదు.

"వదలండి మాస్టారూ, సవరణ వేస్తాం," అన్నాడు.

వేశాడు. తర్వాతి సంచికలో, వారఫలాల కింద, కళ్లజోడు పెట్టుకున్నా కనిపించనంత చిన్న అక్షరాల్లో: "గత సంచిక కథలో చీర చిరగలేదు. తండ్రీ కూతుళ్లు క్షేమంగా ఒడ్డు చేరారు." క్షమాపణ లేదు. దాని కోసం ఇప్పటికీ ఉత్తరాలు రాస్తూనే ఉన్నాను.

అమ్మాయి మాత్రం ఆ రెండు వాక్యాలూ కత్తిరించి, పాత సంచికలోని చివరి పేరా మీద జిగురుతో అంటించింది. ఆరేదాకా అరచేత్తో అదిమి ఉంచి, "అన్నం పెట్టు నాన్నా," అంది.