స్వర్ణ పాడని చరణం

స్వర్ణ గొంతెత్తితే హుజూర్‌నగర్ చుట్టుపక్కల ఊళ్లు చెవులు రిక్కించి వినేవి. తెలంగాణ వచ్చాక ఊరూరా తిరిగి పాడే బృందంలో చేరింది. ఏ పాటైనా పాడేది గాని, తాగుడు మానమని చెప్పే పాటలో ఆఖరి చరణం మాత్రం ముట్టుకునేది కాదు. మొగుడు పోయిన ఆడది ఏడ్చే చరణమది. దాన్ని బృందం పెద్ద పరశురాం పాడేవాడు. అంత మీసాలాయన ఆడదానిలా ఏడుస్తుంటే జనం పడీపడీ నవ్వేవాళ్లు. స్వర్ణకు అదే నయమనిపించేది.

ఆమె భర్త జాషువా గుడుంబ సారా తాగి తాగి కాలేయం చెడి చనిపోయాడు. "పచ్చకామెర్లతోని పోయిండని చెప్పు. తాగి సచ్చిండంటే నా కొడుకు పేరు మట్టిల కలుస్తది," అంటూ అత్త జానమ్మ పిల్లల నెత్తిన చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకుంది. నిజం ఊరందరికీ తెలుసు. తెలియనట్టు నటించడంలో ఊరిని మించిన కళాబృందం ఎక్కడుంది?

ఆ సాయంత్రం కార్యక్రమం అత్తగారి ఊళ్లోనే పడింది. పొద్దుటినుంచి పరశురాం గొంతు పూడుకుపోయి ఉంది.

"ఆఖరిది నువ్వే అందుకోవాలె చెల్లె."

"నాతోని కాదన్నా. అత్తమ్మ ముందల్నే కూసుంది."

"అది లేకుంటే పాటకు పానం లేదు. జర ఆలోచించు."

పాట ఆఖరి చరణం దాకా వచ్చింది. డప్పు ఆగింది. స్వర్ణ మైకు పట్టుకుని ముందు వరుసలోని అత్తను చూసింది. వెనకనుంచి ఎవడో, "నీ మొగడు గూడ కామెర్లతోనే పాయె గదా, పాడు," అన్నాడు. నలుగురు నవ్వారు. మైకు వదిలి దిగిపోతే ఇక ఏ ఊళ్లోనూ గొంతెత్తలేననిపించింది. పాడితే అత్త గడప తొక్కనివ్వదు. పిల్లలు పెరుగుతున్నది ఆ ఇంట్లోనే.

స్వర్ణ కళ్లు మూసుకుంది. నోటికొచ్చింది రాసిచ్చిన చరణం కాదు, శవం పక్కన ఆడవాళ్లు రాగం తీసి ఏడ్చే శోకం. చావింట్లో తప్ప దాన్ని ఎత్తకూడదు, ఎత్తితే కీడంటారు.

"కామెర్లని చెప్పితిని నా రాజా... గుడుంబ నిన్ను తినె నా రాజా... బిడ్డల మీద ఒట్టు నేను మొయ్యలేను నా రాజా..."

గొంతు పగిలింది, శ్రుతి తప్పింది. అంత చెడ్డగా ఆమె ఏనాడూ పాడలేదు. అయినా ఆపలేదు.

నవ్వులు అణిగిపోయాయి. జానమ్మ లేచి, కొంగు నడుముకు చుట్టి వేదిక వైపు నడిచింది. కొట్టడానికే వస్తోందనుకుని పరశురాం అడ్డం వెళ్లబోయాడు. స్వర్ణ చూసింది, భయపడింది, పాడుతూనే నిలబడింది.

శోకం ఎత్తిన మనిషిని ఒంటరిగా ఏడవనివ్వకూడదని ఆ ఊళ్ల కట్టు. ఎంత పగ ఉన్నా మెడ పట్టుకుని కలిసి ఏడవాలి. జానమ్మ కోడలి మెడ చుట్టూ చేతులు వేసి రాగం అందుకుంది.

"ఆఖరు సీసా నేనే తెచ్చిన కొడుకా... నీ చేతులు వణుకుతుంటె సూడలేక నేనే తాపిన కొడుకా..."

ఆ సంగతి స్వర్ణకు అప్పటిదాకా తెలియదు. అత్తను విడిపించుకోలేదు. ఇంకా గట్టిగా పట్టుకుంది.