కుడి తుంటి అప్పీల్

సౌదీలో, హుఫూఫ్‌లో ఖర్జూరం గోదాము కడుతుంటే పరంజా మీంచి పడి నా ఎడమ మోకాలు పగిలింది. అది పనిలో తగిలిన దెబ్బేనని బీమా ఆఫీసు ఒప్పుకుంది. ఆ కాలిని కాపాడుకుంటూ ఏడాదికి పైగా బరువంతా కుడికాలి మీదే వేసి నడిచాను. దాంతో కుడి తుంటి అరిగింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. దానికీ ఆపరేషన్ చేయించమంటే, అది వయసు వల్ల వచ్చింది, దెబ్బకూ దానికీ సంబంధం లేదని తేల్చేశారు. నలభై దాటగానే ముసలివాణ్ణయ్యానట. నా ఎడమ తుంటిదీ అదే వయసు కదా, అదెందుకు అరగలేదో ఒక్కడూ అడగలేదు.

అప్పీల్ వేశాను. మెడికల్ బోర్డు ఒప్పుకుంటే ఇక్కడే ఆపరేషన్. లేదంటే కంపెనీ, దేశం వదిలి పొమ్మనే ఖురూజ్ కొట్టించి విమానం ఎక్కిస్తుంది. ఊళ్లో ఆ ఆపరేషన్ చేయించుకోవడం నా వల్ల అయ్యే పని కాదు.

గదిలో నా పక్క మంచం వాడు, జగిత్యాల పెయింటర్, ముందే హెచ్చరించాడు.

"అన్నా, డాక్టర్ల ముందట ఉన్నదున్నట్టు నడువు. నాటకం జెయ్యకు, దాసిపెట్టకు."

దాచిపెట్టడం ఒక్కటే నాకు బాగా వచ్చు. సైటులో కుంటేవాడికి ఇక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు రెన్యువల్ కాదు. అందుకే మందూబ్, అంటే కంపెనీ తరఫున ఆఫీసుల చుట్టూ తిరిగే మనిషి, కనబడితే చాలు, నొప్పులన్నీ మింగి సిపాయిల్లా నడుస్తాం.

బోర్డుకు నన్ను కారులో తీసుకెళ్లింది ఆయనే. దారిలో ఆపి, ఎన్నడూ లేనిది, చాయ్ తాగించాడు. పక్క బఖాలా కొట్టులో ఒక నీళ్ల కార్టన్ కొన్నాడు, డాక్టర్లకట. బోర్డు ఆఫీసు ముందు డిక్కీ తెరిచి "రఫీక్, ఉఠావ్" అన్నాడు. ఆయనకు మేమందరం రఫీక్‌లమే, ఆయనతో ఏ ఆఫీసుకు వెళ్లినా సామాను మోసేదీ మేమే. ఇన్నేళ్లుగా ఆయన ఉఠావ్ అంటే ఎత్తడమే తప్ప, ఎందుకని అడిగింది లేదు. కార్టన్ భుజానికెత్తుకున్నాను. తుంటిలో నిప్పు పెట్టినట్టయింది. ఆయన చూస్తున్నాడని పళ్లు బిగించి నిటారుగా నడిచాను.

ఆయన మర్యాదగా తలుపు తెరిచి పట్టుకున్నాడు. ఎదురుగా బల్ల వెనక ముగ్గురు డాక్టర్లు కూర్చుని నన్నే చూస్తున్నారు.

కార్టన్ దించాక, వాళ్లలో పాకిస్తానీ డాక్టరు నడిచి చూపించమన్నాడు. ఈసారి కాలు దానంతటదే కుంటింది.

"నీళ్లు మోసేటప్పుడు బాగానే ఉంది కదా ఈ కాలు?" అన్నాడు ఉర్దూలో.

నేను నోరు తెరిచేలోపే మందూబ్ అరబ్బీలో అందుకున్నాడు. మా కంపెనీలో ఇంత బలమైన మనిషి లేడన్నాడు. అందరూ నవ్వారు. అన్నేళ్లు చాకిరీ చేస్తే ఒక్క మంచిమాట అనని దొంగ, ఆ రోజే నన్ను మెచ్చుకున్నాడు. వాడి నాలుక పీకేద్దామన్నంత కోపం వచ్చింది. చేతులు కట్టుకుని నిలబడ్డాను.

అప్పీల్ కొట్టేశారు. ఆ కబురు వచ్చిన సాయంత్రం పెయింటర్ నా మీద విరుచుకుపడ్డాడు.

"మొయ్యనంటె ఏమైతుండె అన్నా?"

"ఇంటికి తోలుతుండె."

"మరిప్పుడు ఏడికి తోలుతుండు?"

మంచం కింద నా సూట్‌కేసు ఉంది, కాస్త బయటికి లాగమన్నాను. నేను వంగలేను.