బ్రేకు మీద వేళ్లు

చలికాలంలో బండి నడపడానికి గ్లౌజులు కొనేవాళ్లు ముందుగా వెచ్చదనం చూస్తారు. నేను వాటిని బకెట్లో ముంచి, నీళ్లు కారుతుండగానే బ్రేకు పట్టుకుని చూస్తాను. పోయిన చలికాలం నేను అట్లా ముంచినవి మామూలు గ్లౌజులు కూడా కావు. లోపల సన్నటి తీగలు, మణికట్టు దగ్గర చిన్న బ్యాటరీ ఉండి, బటన్ నొక్కితే వేడెక్కేవి. బ్యాటరీలు తీసి పక్కన పెట్టాకే ముంచాను, అంత తెలివితక్కువవాణ్ణేమీ కాదు. అయినా నా మేనకోడలు నెత్తిన చేయి పెట్టుకుంది.

"మామా, గ్లౌజులు కొంటున్నమా, బర్రెను కొంటున్నమా? పండ్లు గూడ చూస్తవా ఏంది?"

ఆమె మా అక్క కూతురు. ఇరవై రెండేళ్లు. తాండూరులో ఒక ఆసుపత్రి ల్యాబులో కొత్తగా ఉద్యోగం వచ్చింది, పొద్దున ఆరున్నరకు అక్కడ ఉండాలి. వికారాబాద్ నుంచి ఆ వేళకు చేర్చే బస్సు లేదు. రైలు దొరికితే దొరికినట్టు, లేకపోతే లేదు. అందుకని చీకటి విడవకముందే బండి తీస్తుంది. స్కూటీ కాదు, గేర్ల బండే నేర్చుకుంది. ఉద్యోగంలో చేరిన మొదటి వారమే వేళ్లు కొంకర్లు పోయి, ల్యాబులో సిరంజి పట్టడానికి అరగంట పట్టిందట. ఎవరో చెబితే ఫోన్లో ఈ వేడి గ్లౌజులు చూసి నా దగ్గరకు వచ్చింది. "ఏవి తీసుకోవాల్నో నువ్వే చెప్పు మామా. చలిల గా తొవ్వల నడిపినోడివి నువ్వే గదా," అంది.

చలిలో ఆ దారిలో నడిపినవాళ్లం ఇద్దరం. రెండో మనిషి ఆమె నాన్న, మా బావ. ఎనిమిదేళ్ల కిందట ఆ రోడ్డు మీదే చనిపోయాడు. బండి ఆయన నడుపుతున్నాడు, వెనక నేను కూర్చున్నాను. ఎట్లా జరిగిందంటే మా ఇంట్లో అందరికీ ఒకటే జవాబు, జ్వరంతో కళ్లు తిరిగాయని. ఆ జవాబు చెప్పింది నేను. అది అబద్ధం. గ్లౌజుల గురించి రాయాలంటే ముందు అది రాయక తప్పదు.

బావా నేనూ తాండూరులో ఒకే నాపరాళ్ల పాలిష్ యూనిట్లో పనిచేసేవాళ్లం. బండ మీద మిషన్ తిరుగుతున్నంతసేపూ నీళ్లు పారుతూనే ఉంటాయి. ఆ రాతి బురదలో రోజంతా చేతులు నానితే తోలు పొరలు పొరలుగా లేచిపోతుంది. అందుకని గ్లౌజుల మీద పాలిథిన్ కవర్లు తొడుక్కుని, మణికట్టు దగ్గర పాత సైకిల్ ట్యూబు ముక్కలతో బిగించుకునేవాళ్లం. ఎవరి చేతులకు వాళ్లు కట్టుకోవడం కుదరదు, ఇంకొకరు కట్టాలి. కాబట్టి మా దగ్గర ప్రతి మనిషికీ ఒక జతగాడు ఉండేవాడు. బావకు నేను కట్టేవాణ్ణి, నాకు బావ కట్టేవాడు.

ఆ అలవాటును బండి మీదికి ఎక్కించింది నేనే. ఉన్ని గ్లౌజుల్లోంచి గాలి దూరుతుంది, పైన కవర్ కడితే దూరదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఒక రోజు బావ నడిపితే ఒక రోజు నేను నడిపేవాణ్ణి. నడిపేవాడి చేతులకు వెనక కూర్చునేవాడు కవర్లు కట్టాలి. రెండు వారాలు బాగానే గడిచింది. పొడి చలి కాబట్టి బాగా గడిచిందని అప్పుడు తట్టలేదు.

ఆ పొద్దు బావ ఒళ్లు వెచ్చగా ఉంది. ఈ రోజు పోనులే అన్నాడు. "లోడు ఉన్నదన్నరు గదా, పోయి మధ్యాన్నమే వాపసు రా," అంది అక్క. ఏ ఇంట్లోనైనా ఏ ఇల్లాలైనా అనే మాటే. బావ బయలుదేరాడు. ఎప్పట్లాగే ఊరి చివర బండి ఆపి చేతులు చాపాడు, నేను కవర్లు కట్టాను.

అనంతగిరి గుట్టలు దాటేసరికి మంచు కమ్ముకుంది. కవర్ల మీద నీళ్లు నిలిచి మెరుస్తుండటం వెనక నుంచి నాకు కనిపిస్తూనే ఉంది. ముందు ఒక ఖాళీ రాళ్ల లారీ పోతూ పోతూ నెమ్మదించింది. నేను బావ భుజం మీదుగా చూస్తున్నాను. ఆయన వేళ్లు బ్రేకు మీదికి వెళ్లాయి, జారాయి. మళ్లీ వెళ్లాయి, మళ్లీ జారాయి. కాలి బ్రేకు తొక్కేసరికి బండి అడ్డం తిరిగి లారీకి తగిలింది. కళ్లు తిరిగినవాడి వేళ్లు అట్లా వెతకవు.

నేను రోడ్డు పక్క మట్టిలో పడ్డాను. మోకాలు చీరుకుపోయింది, అంతే. కుంటుకుంటూ బావ దగ్గరికి వెళ్లి నేను చేసిన మొదటి పని ఊపిరి ఉందా అని చూడటం కాదు. కవర్లు ఊడదీశాను. ట్యూబు ముక్కలతో సహా రెండూ జేబులో కుక్కుకున్నాను. ఆ తర్వాతే ముక్కు దగ్గర చెయ్యి పెట్టాను. అప్పటికి ఊపిరి లేదు. నేను ఆ ముడులతో కుస్తీ పడుతున్నప్పుడు ఉన్నదేమో, అది నాకు ఎప్పటికీ తెలియదు.

పోలీసాయన వచ్చి ఏం జరిగిందని అడిగితే, "జ్వరం ఉండె సార్, కండ్లు తిరిగినట్టున్నయి," అన్నాను. నన్ను కాపాడుకోవడానికి నోట్లోంచి వచ్చిన మాట అది. అది పోయి పోయి మా అక్క ఇంట్లో కూర్చుంది. జ్వరం ఉన్న మనిషిని పనికి పొమ్మన్నది ఆమె కదా. ఆ సంగతి నాకు మూడో రోజే అర్థమైంది. అయినా నోరు విప్పలేదు.

అప్పటి నుంచి నేను తాండూరుకు రైల్లోనే పోతున్నాను. యూనిట్లో మిషన్ పని మానేసి బండలు కొలిచే పనికి మారాను. పాలిథిన్ కవర్ చప్పుడు విన్నానంటే నాకు ఒళ్లు చల్లబడుతుంది. కూరగాయల బజారుకు గుడ్డ సంచీ లేకుండా పోను. మా గల్లీలో నాకు పర్యావరణం మీద మస్తు ప్రేమ అని పేరు వచ్చింది, ఒకసారి శాలువా కప్పుతామని కూడా బయలుదేరారు. ఆ రోజు ఊళ్లో లేకుండా పారిపోయాను. కళ్లు మూస్తే బావ మొహం కనిపించదు, ఆ వేళ్లే కనిపిస్తాయి. మొహం కనిపిస్తే కాళ్లు పట్టుకుని బతిమాలుకునేవాణ్ణి. వేళ్లను ఏమని బతిమాలాలి?

అట్లాంటి నన్ను పట్టుకుని ఆ పిల్ల గ్లౌజులు ఏరమంది. ఏరాను.

మొదటి జత బొంత కుట్టి ఐదు వేళ్లు పెట్టినట్టు వచ్చింది. వెచ్చదనానికి వంక లేదు, రెండు నిమిషాల్లో చెమట పట్టింది. కానీ చేతిలో ఉన్నది బ్రేకో పార కర్రో తెలియలేదు. దాన్ని ముంచాను కాబట్టి వాపసు ఇవ్వడానికి మొహం చెల్లక అటక మీద పడేశాను. రెండో జతకు బ్యాటరీ లేదు, బండి బ్యాటరీకే వైరు కలపాలి. ఎంతసేపు నడిపినా వేడి తగ్గదని అందరూ దాన్నే మెచ్చుకున్నారట. హ్యాండిల్ కుడివైపు పూర్తిగా తిప్పితే వైరు చేతిని వెనక్కి లాగింది. వెంట్రుకవాసి లాగడమే. ఆ వెంట్రుకవాసి చాలని నాకు తెలుసు. అది వాపసు పోయింది.

"నీకు నచ్చే గ్లౌజులు కుట్టెటోడు ఇంక పుట్టలేదు మామా," అంది మేనకోడలు. అయినా ఓపికగా మూడో జతకు ఆర్డర్ పెట్టింది. అరచేతి వైపు పల్చటి తోలు, వేడంతా చేతి వెనకా వేళ్ల మీదా. నాలుగైదు రోజుల్లో వస్తాయన్నారు.

రోజూ డ్యూటీకి పోతూ పోతూ ఆమె మా ఇంటి ముందు ఆగి, అక్క పంపిన జొన్నరొట్టెల సంచీ ఇచ్చి పోయేది. పెళ్లాం పోయి ఒంటరిగా ఉన్న తమ్ముడు తిన్నాడో లేదో అని అక్క దిగులు. ఆ రొట్టె నాకు రోజూ గొంతు దిగేది కాదు, రోజూ తినేవాణ్ణి.

ఆర్డర్ పెట్టిన మూడో రోజు బండి ఆపకుండానే సంచీ అందించింది. ముందు చప్పుడు వినిపించింది, తర్వాత చెయ్యి కనిపించింది. ఉన్ని గ్లౌజు మీద పాలిథిన్ కవర్. మణికట్టు దగ్గర రబ్బరు బ్యాండు మూడు చుట్లు చుట్టి ఉంది. రెండు చేతులకూ.

"అమ్మ కట్టింది మామా. నాయిన పని కాడ గిట్లనే కట్టుకునేటోడంట. నీ గ్లౌజులు వచ్చేదాక చలికి గిదే దవా."

"బండి బందు చెయ్," అన్నాను. ఆమె బండి ఆపేలోపే ఆ చెయ్యి పట్టుకుని కవర్ చింపేశాను. రెండోది కూడా చింపాను. ఆమె భయపడి, "ఏమైంది మామా, ఏమైంది," అంటోంది. అప్పుడు మా గడప ముందు నిలబడి, చింపిన కవర్లు చేతిలో పెట్టుకుని, ఎనిమిదేళ్ల నుంచి దాచిందంతా చెప్పేశాను. మంచు సంగతి, వేళ్ల సంగతి, జేబులో కుక్కుకున్న సంగతి, పోలీసాయనకు చెప్పిన మాట.

ఆమె బండి దిగింది. "కట్టింది నువ్వా?"

"నేనే బిడ్డా."

"ఊడదీసింది?"

"నేనే."

నా చేతిలోని కవర్లు లాక్కుంది. కొడుతుందేమో అనుకున్నాను, కొడితే బాగుండునని కూడా అనుకున్నాను. "నాకెందుకు చెప్తున్నవ్," అంది. "అమ్మ రోజు నాలుగింటికే లేసి మంచం మీద కూసుంటది. నాయిన బయలెల్లిన టైము దాటేదాక గట్లనే ఉంటది. నీకు ఎర్కనా?"

"ఎర్కే," అన్నాను. నిజంగానే నాకు తెలుసు. అందుకే ఆ రొట్టె దిగేది కాదు.

"నేను చెప్తె ఆమె నమ్మది. నన్ను సముదాయిస్తున్నవ్ అంటది. చూసింది నువ్వు. నువ్వే చెప్పాలె." బండి మా వాకిట్లోనే పెట్టి, డ్యూటీకి ఆలస్యమవుతుందని ఫోన్ చేసి, బస్టాండుకు నడిచి పోయింది.

నేను పనికి పోలేదు. అక్క ఇంటికి వెళ్లేసరికి వాకిట్లో కూర్చుని చాటలో కందిపప్పు ఏరుతోంది. కూర్చోమంది, కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఈసారి ఒక్క మాట కూడా మింగలేదు. సగంలోనే ఆమె చేతులు పప్పులో ఆగిపోయాయి. అంతా అయ్యాక నేను ఇంకా ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపింది.

"బ్రేకు పట్టబోయిండా ఆయన?"

"రెండుసార్లు పట్టబోయిండక్కా."

"సోయిలనే ఉండెనా?"

"మంచిగ ఉండె."

"కండ్లు తిరగలే?"

"తిరగలే."

కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. భుజాలు కదిలాయి, చప్పుడు రాలేదు. కాసేపటికి కొంగు తీసి, నా వైపు చూడకుండానే మాట్లాడింది.

"కట్టింది తెల్వక కట్టినవ్. దానికి నిన్నేమన. ఊడదీసి జేబుల పెట్టుకున్నవు సూడు, గది తెలిసే చేసినవ్. నన్ను ఎనిమిదేండ్లు గా మంచం మీద కూసోవెట్టి, ఏటేట వచ్చి రాఖీ కట్టించుకున్నవ్. పో ఇంక."

నేను కదల్లేదు.

"పో అన్న గదా," అంది. వచ్చేశాను.

మరుసటి రోజు మూడో జత గ్లౌజులు వచ్చాయి. బకెట్లో ముంచాను, బ్రేకు పట్టి చూశాను. తోలు అంటుకున్నట్టు పట్టింది, లీవరు అంచు వేలికి తెలిసింది. ఆరబెట్టి, బ్యాటరీలు పెట్టి, మేనకోడలికి కబురు చేశాను. ఆమె వచ్చి తొడుక్కుని, బ్రేకు నొక్కి వదిలి, మళ్లీ నొక్కి వదిలి, "దొరుకుతున్నది," అంది. బండి తీసుకుపోయింది. ఆ మర్నాటి నుంచి మా ఇంటి ముందు ఆగడం లేదు. నేను స్టేషన్ దగ్గర ఇడ్లీ తిని రైలెక్కుతున్నాను.

పది పన్నెండు రోజుల తర్వాత ఒక పొద్దున, డ్యూటీకి చేరాక ఫోన్ చేసింది. గ్లౌజులు మంచిగనే ఉన్నాయట, వేడి రెండో నంబరు మీద పెడితే చాలట, తాండూరు దాకా చార్జింగ్ వస్తోందట. అంతా విన్నాను.

"అమ్మ ఎట్లున్నది?" అన్నాను.

"నీ పేరు తీస్తె లేసి లోపలికి పోతది మామా."

"పోనీ."

ఆమె ఫోన్ పెట్టేయలేదు. వెనక ఎవరో పిలుస్తుంటే వస్తున్నా అని చెప్పి, మళ్లీ నాతో గొంతు తగ్గించి మాట్లాడింది.

"ఇయ్యాల నేను బయలెల్లేటప్పుడు అమ్మ పండుకునే ఉండె. మంచిగ గుర్రుపెట్టి నిద్రవోతున్నది. బండి చప్పుడుకు లేస్తదేమో అని గల్లీ చివరిదాక నూక్కుంట పోయి ఆడ స్టార్ట్ చేసిన. నాకు జర భయమైంది మామా, ఎన్నడు అట్ల పండుకోలే గదా. లేపాల్సి ఉండెనా?"

"వద్దు బిడ్డా," అన్నాను. "పండుకోనియ్యి."