గంప పక్కన బాపు

నలభై దాటాక నాకు గోల్ఫ్ పిచ్చి పట్టింది. ఆదిభట్లలో విమాన భాగాలు చేసే కంపెనీలో ఉద్యోగం. ఒకసారి అందరినీ బస్సెక్కించి తీసుకుపోయి ఆ ఆట నేర్పించారు. మిగతావాళ్లు ఫొటోలు దిగి మర్చిపోయారు, నేను స్టిక్కులు కొనుక్కున్నాను. కంపెనీ జట్టులో నలుగురికే చోటు, అందులో ముగ్గురు ఖాయమైపోయారు. ఆ నాలుగో చోటు నాకు కావాలి. అన్నం ముందు కూర్చుని కూడా మణికట్టు తిప్పుకునేంతగా కావాలి.

దూరం కొట్టడంలో నాకు ఢోకా లేదు. బంతి పడాల్సిన గుంతలో పాతిన జెండా దగ్గరపడ్డాకే పరువు పోయేది. అక్కడ వెడ్జ్ అనే స్టిక్ వాడతారు. దాని మొహం బాగా వెనక్కి వాలి ఉంటుంది, దాంతో బంతిని పైకి లేపి మెత్తగా దించాలి. నా బంతి ముందే కూలబడేది, లేదా జెండా దాటి ఎటో పోయేది.

ఇబ్రహీంపట్నంలో మా ఇంటి వెనక ఒక ప్లాట్ల వెంచర్ ఉంది. హద్దురాళ్లకు రంగులైతే వేశారు గానీ ఇల్లు ఒక్కటీ లేవలేదు. మూడు ప్లాట్ల అవతల గంప పెట్టి, దాని పక్కన బంతి దించాలని రోజూ సాయంత్రం తంటాలు పడేదాన్ని. వ్యవసాయం మానేశాక ఇంట్లో కాలు నిలవని మా బాపు నా వెంట వచ్చి, ఎవరూ అడక్కుండానే బంతులు ఏరే పని తీసుకున్నాడు. అటూ ఇటూ తిరగడం ఎందుకని చివరికి గంప పక్కనే నిలబడ్డాడు.

"పక్కకు జరుగు బాపు, తగుల్తది!"

"తగిలితే నాకు తగుల్తది. నువ్వు కొట్టు."

ఆయన అక్కడుంటే నా చేయి బంతి దాకా వచ్చి బిగుసుకుపోయేది. ఆట నేర్పినాయన మొదటి నుంచీ మొత్తుకుంటున్నది అదే. చేతిని వెనక్కి తక్కువే తీసుకోండి, కానీ కొట్టేటప్పుడు మాత్రం ఆపకండి అని. చెప్పడానికేం, ఎదురుగా నిలబడింది వాళ్ల నాన్న కాదు కదా!

ఒకరోజు అట్లాగే ఆపబోతే దెబ్బ అడ్డంగా తగిలి, బంతి నేల మీదుగా దూసుకుపోయి బాపు మోకాలి కింద కొట్టింది. ఆయన కూలబడ్డాడు. నేను ఏడుస్తూ పరుగెత్తాను.

"ఏడుస్తవేందే? ఎడ్లు తన్నితేనే ఏం గాలె, గింత బంతికి ఏమైతది? మీ అమ్మకు మాత్రం చెప్పకు, మనిద్దర్ని గడప దాటనియ్యది."

"నాకొద్దు బాపు ఈ ఆట."

"భయపడ్డవు, తగిలింది. భయపడకుండ కొట్టినప్పుడు ఒక్కటన్న నా మీదికొచ్చిందా?"

అది నిజం కాబట్టి నాకు ఒళ్లు మండింది. మర్నాడు బాపు రెండు కాళ్లకూ గోనెసంచులు చుట్టుకుని వచ్చి అదే చోట నిలబడ్డాడు. నవ్వాపుకోలేక, నవ్వుతూనే కొట్టాను. చేయి ఆగలేదు. బంతి లేచి గంప పక్కన జానెడు దూరంలో దిగింది.

"గట్ల!" అని అరిచాడు బాపు.

ఎంపిక రోజున "జెండా ఎంత దూరం అనుకుంటున్నారు?" అని నేర్పినాయన అడిగితే "మూడు ప్లాట్లు" అన్నాను. అందరూ పగలబడి నవ్వారు. వాళ్ల నవ్వు ఆగేలోపే నా బంతి పోయి జెండా పక్కన కూర్చుంది. నాలుగో చోటు నాదైంది.

బాపుకు చెప్పడానికి ఇంటికి ఉరుకులు పరుగుల మీద వచ్చాను.

"మస్తు సంతోషం బిడ్డా," అన్నాడు. కాసేపు గడ్డం గోక్కున్నాడు. "ఇగ నీ పనైంది గదా. జర ఆ కట్టె నాకిస్తవా? నువ్వు గూడ కొడతవా అని ఎన్నడన్న అడుగుతవేమోనని జూస్తనే ఉన్న."

నా మనసు చివుక్కుమంది. అప్పటికప్పుడు వెంచర్‌కు పోయాం. బాపు పంచె ఎగ్గట్టి, స్టిక్ రెండు చేతులా పట్టుకుని నన్ను చూశాడు.

"ఈడేం జేస్తవు? పోయి గంప కాడ నిలబడు."

పోయి నిలబడ్డాను. మూడు ప్లాట్ల అవతల బాపు స్టిక్ ఎత్తాడు. పక్కకు దూకేయాలనిపించింది. ఇన్ని సాయంత్రాలు ఈయన ఇక్కడ ఎట్లా నిలబడ్డాడో అనుకుంటూ కళ్లు గట్టిగా మూసుకున్నాను.