పందెం కారు: గాలీ, నిమ్మకాయలూ

1938లో అఫ్జల్‌గంజ్‌లోని ఒక మోటారు కార్ఖానాలో నన్ను ఫిట్టరుగా వేశారు. పైన మిస్త్రీ, ఆయన కింద నేను. నా చేతికి వచ్చిన మొదటి పెద్ద పని మొఘల్‌పురా జాగీర్దారు గారి పందెం కారు. ఆ రోజుల్లో సరదా ఉన్న దొరలు ఊరి బయట తిన్నని రోడ్డు మీద రెండు కార్లు పక్కపక్కన నిలిపి, జెండా ఊపగానే వదిలేవారు. అర మైలుతో పందెం సరి. గెలుపోటములు బయలుదేరడంలోనే తేలిపోయేవి.

డ్రైవరు మల్లయ్య అప్పటికే ఒకసారి ఓడాడు. మళ్లీ ఓడితే స్టీరింగు ఇంకొకరికి ఇస్తానని జాగీర్దారు చెప్పేశారు. మల్లయ్య పద్ధతి ఒకటే: టైర్లు రాయిలా అయ్యేదాకా గాలి కొట్టించడం, వెనక చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించడం.

"మల్లన్నా, బండిని తోసేదే వెనక చక్రాలు. వాటి కింద రసం పోస్తే జారయా?" అన్నాను.

"నిమ్మకాయ జోలికి రాకు భాయ్. దిష్టి తగిల్తే నువ్వొచ్చి నడుపుతవా?"

దిష్టికి కొలత లేదు, గాలికి ఉంది. చివరికి రాజీ కుదిరింది: నిమ్మకాయలు ముందు చక్రాల కిందికి, గాలి నా చేతికి.

గాలి కొలిచే గేజీ పెడితే వెనక టైర్లలో నలభై పౌండ్లు చూపింది. టైరుకు సున్నం పూసి బండిని కదిపితే నేల మీద నడిమి పట్టీ ఒక్కటే పడింది. అంచులు నేలను తాకడమే లేదు. గాలి తీసినకొద్దీ గుర్తు వెడల్పయింది, నేల మీద పట్టు పెరిగింది. మరీ తీస్తే ఇంకో ప్రమాదం: టైరు రిమ్ము మీద జరిగి లోపలి ట్యూబు వాల్వును తెంపేస్తుంది. అందుకని టైరు నుంచి రిమ్ము దాకా సుద్దగీత గీసి, మల్లయ్యను జోరుగా బయలుదేరమన్నాను. పద్దెనిమిది పౌండ్ల దగ్గర టైరు జరిగి గీత విరిగింది. ఇరవై నాలుగు దగ్గర నిలిచింది. అక్కడ ఆపాను.

పందెంలో అవతలి కారు చక్రాలు దుమ్ము రేపుతూ ఉన్నచోటే తిరుగుతుండగా మాది దూసుకుపోయింది. మల్లయ్య సీటు నిలిచింది.

"చూసినవా నిమ్మకాయ మహిమ" అన్నాడు దిగుతూనే.

"పోయినసారి గూడ పెట్టినవు గదనే. మరెందుకు ఓడినవ్?"

"అప్పుడు ఎనక పెట్టిన, ఇప్పుడు ముందట పెట్టిన. జాగా మార్పించింది నువ్వే గద."

మిస్త్రీ పకపకా నవ్వాడు. గాలినీ నిమ్మకాయలనూ ఒకేసారి మార్చినవాడు, గెలిపించింది ఫలానాదని రుజువు చేయలేడు. మూఢనమ్మకంతో వాదించేవాడు ముందు తన పరీక్షను శుభ్రంగా ఉంచుకోవాలి. ఆ తరువాత ఏ బండి విప్పినా, ఒకసారికి ఒక్కటే మార్చాను.