ఎండాకాలం మంచు

మొన్న కొత్త ఫ్రిజ్ అట్టపెట్టె విప్పుతుంటే లోపలి థర్మోకోల్ కిర్రుమంది. ఆ చప్పుడుకూ, ఆ పొడి వాసనకూ ఫిల్మ్‌నగర్‌లో గడిచిన నా ఎండాకాలాలు గుర్తొచ్చాయి: చల్లటి ముంజలు, వేలికొసలకు పచ్చగా అంటుకునే మామిడి రసం, బండరాళ్లెక్కి పిల్లలం ఆడుకునే షూటింగ్ ఆట, వీటన్నిటి మధ్యా మా నాన్న కురిపించే మంచు.

మాదాపూర్ వైపు సాఫ్ట్‌వేర్ ఆఫీసులు ఒక్కొక్కటే లేస్తున్న రోజులవి. విదేశం నుంచి తిరిగొచ్చి జూబ్లీహిల్స్‌లో ఇల్లు కట్టుకున్న ఒక ఇంజనీరు సామానుతో పాటు, వాకిట్లో పేరుకున్న మంచును ఎత్తిపోసే చిన్న పెట్రోలు మిషన్ కూడా వచ్చింది. ఇక్కడ దానికి పనేముంటుంది? సినిమాల్లో గాలీ వానా పుట్టించే మా నాన్నకు ఇచ్చేశాడు. నాన్న, ఆయన జోడీదారు సత్తయ్య మామ, దాని నోట్లో థర్మోకోల్ పూసలు పోసి మంచు చిమ్మించడం నేర్చారు.

మొదటి పెద్ద పాట జూబ్లీహిల్స్‌లో ఒక బంగళా పచ్చిక మీద. నడి వేసవి. స్వెటరులో హీరోయిన్ చెమటతో ముద్దవుతోంది. అమ్మా నేనూ అన్నం కారియర్ పట్టుకెళ్లేసరికి మిషన్ వేడెక్కి ఆగిపోయి ఉంది. చల్లారాక తిప్పితే కాసేపు ఆడి మళ్లీ ఆగేది. పొద్దువాలేలోగా కాకపోతే వేరేవాళ్లను పిలుస్తానని సినిమా కంపెనీ మేనేజరు చెప్పి వెళ్లాడు. నాన్న ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

“ఆయిల్ మంచిగనే ఉంది, ప్లగ్గు గూడ మార్చిన. ఏమైందో సమజైతలేదు,” అన్నాడు సత్తయ్య మామ.

“ప్లాస్టిక్ మాడిన వాసన వస్తోందండీ,” అంది అమ్మ నాన్నతో.

నాన్న ఇంజన్ మీది మూత విప్పాడు. గాలి తగిలి చల్లబడాల్సిన రేకుల సందుల్లోకి థర్మోకోల్ పూసలు దూరి, కరిగి, అతుక్కుపోయి ఉన్నాయి. గాలాడకపోతే వేడెక్కక ఏం చేస్తుంది? మేకప్ ఆయన పాత బ్రష్షులిచ్చాడు, హీరోయిన్ జడపిన్నులు తీసిచ్చింది. నాన్నా మామా ఓపిగ్గా గోకి శుభ్రం చేశారు. మళ్లీ పూసలు దూరకుండా, దుస్తులవాళ్ల దగ్గర పల్చటి నెట్టు గుడ్డ అడిగి తెచ్చి గాలి పీల్చే చోట అమ్మ బిగించి కట్టింది. మిషన్‌ను నీడకు జరిపి, షాటుకూ షాటుకూ మధ్య ఆపుతూ నడిపారు.

ఆ సాయంత్రపు ఎండలో తెల్లగా మంచు కురిసింది. పచ్చిక మీద, కారియర్ మూతల మీద, అమ్మ జడ మీద. పాట అయిపోగానే హీరోయిన్ స్వెటరు విప్పి పడేసి, మాతోపాటు కూర్చుని ఆవకాయ అన్నం తింది.

ఆ బంగళా పోయి అద్దాల కాఫీ షాపు వచ్చింది. సినిమాల్లో మంచు ఇప్పుడు కంప్యూటర్లోనే కురుస్తోంది. మిషన్ ఎప్పుడో ఎర్రగడ్డ సంతలో పాతసామాన్ల పాలైంది. పోయిన చలికాలం అమ్మానాన్నలను మనాలి తీసుకెళ్లాను. అమ్మ గుప్పెడు మంచు పట్టుకుని, అది నీళ్లయి కారిపోతుంటే చేతులు కొంగుకు తుడుచుకుని నాన్న వైపు తిరిగింది.

“మన మంచే నయమండీ. ఇంటికి తెచ్చుకున్నా కరిగేది కాదు.”